లచ్చివారం నాటి స్లాబు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. అంతవరకు చెప్పి, అసలు మాట మొహమాటానికి మింగేసినట్టున్నారు. "మార్గశిర లచ్చివారం నాడు స్లాబు వేసి చూడు" అన్నదే ఆ మింగేసిన మాట. నేను వేసి చూశాను. వేస్తూ వేస్తూ పట్టపగలు దొంగతనానికి కూడా దిగాను. సర్కారు బడిలో సైన్సు చెప్పే నేను, సుద్దముక్క జేబులో వేసుకున్న పిల్లాణ్ణి పీరియడంతా బెంచీ మీద నిలబెట్టే నేను, పక్కింటివాళ్ళ పశువులశాలలో దూరి... ఆగండి, మొదట్నుంచీ చెప్తాను. మీకు నవ్వుకోవడానికి చాలా టైముంది. ఆ రోజు నాకు ఊపిరి పీల్చుకోవడానికే లేదు.

గరివిడికి అవతల, బస్సు దిగి కొంత దూరం నడిస్తే వచ్చే పల్లెలో మాకు ఇరవై సెంట్ల నేల ఉంది. ఒక మూల పాత నుయ్యి. మా ఆయనది రాయగడలో రైల్వే ఉద్యోగం, నెలకి రెండుసార్లు చుట్టపుచూపుగా వస్తాడు. కాబట్టి ఇల్లు కట్టించే భారం నాది, నా మీద కేకలేసే భారం మా అత్తది. ఇద్దరం ఆ స్థలంలోనే రేకుల షెడ్డు వేసుకుని కాపరం పెట్టాం. పెళ్ళయిన దగ్గర్నుంచీ అద్దె ఇళ్ళలో, వాన పడితే మంచం మీద గిన్నె, గిన్నె పక్కన తపేలా పెట్టుకుని పడుకున్నదాన్ని. నా కలలో రాజభవనాలేమీ లేవండీ. కారని కప్పు ఒకటి, దాని చుట్టూ పచ్చగా ఒక తోట, అంతే.

గోడలు లేచాయి. సెంట్రింగు కొట్టారు, ఇనుము కట్టారు. తోట మీద నాకు ఆత్రం ఎక్కువ కాబట్టి ఇంటికి కప్పు పడకముందే కడియం నర్సరీల నుంచి వ్యానులో మామిడి అంట్లు, సపోటాలు, జామలు, మల్లెలు, నందివర్ధనాలు తెప్పించి నాటేశాను. ఇక స్లాబు ఒక్కటే మిగిలింది. సింహాచలం మేస్త్రి తారీకు అడిగితే నేను ఠక్కున ఒకటి చెప్పాను. ఆయన బుర్ర గోక్కున్నాడు.

"టీచరమ్మా, ఆ రోజు లచ్చివారం. ఆ పైన మార్గశిరం. ఆలోసించుకో."

"ఆ రోజు మీకు వేరే పని ఉందా?"

"నేదు. మార్గశిర లచ్చివారం నాడు స్లాబు ఎవులు ఏయించుకుంటారు? మిల్లరూ కాళీయే, మనుసులూ కాళీయే."

"అదీ సంగతి! అందరూ వదిలేసిన రోజు మనకి మంచిరోజు."

ఇక్కడ తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. గురువారాన్ని మా వైపు లచ్చివారం అంటారు. మార్గశిరమాసంలో వచ్చే లచ్చివారాలు మా ఆడవాళ్ళకి చాలా గట్టి రోజులు. తెల్లారకుండా ఇల్లలికి, బియ్యప్పిండితో లక్ష్మీదేవి పాదాలు ముగ్గేసి పూజ చేస్తారు. ఆ రోజు ఇంట్లోంచి చిటికెడు ఉప్పు కూడా బయటికి ఇవ్వకూడదు. ఇస్తే దాంతోపాటు లక్ష్మి వెళ్ళిపోతుంది. గొంతు పెంచి దెబ్బలాడకూడదు, గొడవైనా వెళ్ళిపోతుంది. ఇవన్నీ తెలిసి కూడా తారీకు మార్చలేదంటే నాకెంత సైన్సు ముదిరిందో చూడండి.

మా అత్త మాత్రం ఊరుకుంటుందా? "ఒసే, లచ్చివారం పూట గుప్పెడు బియ్యం బయటికెల్లవు. ఇంటినిండా జనాన్ని పెట్టి స్లాబేయిస్తానంటావేటే?"

"స్లాబు బయటికి పోదత్తా, ఇంటి మీదికే పోతుంది."

మా అత్త నోరు మూసుకుంది. ఆవిడ నోరు మూసుకుందంటే ఒప్పుకుందని కాదు, నేను బోల్తా పడే రోజు కోసం మాటలు దాచుకుంటోందని. అప్పట్లో నాకు అంత తెలివి లేదు.

ఆ లచ్చివారం రానే వచ్చింది. పొద్దున్నే లేచి నేను చేసిన మొదటి ఘనకార్యం, బోరు మోటారు వేసి మొక్కలకి నీళ్ళు పట్టడం. స్లాబు హడావిడిలో పాపం మొక్కలు ఎండిపోతాయేమోనని నా బెంగ. ఒక్కో మొక్క మొదట్లో చిన్న చెరువు కట్టాను. అది చాలలేదు. మేస్త్రి ముందురోజు నింపించి పెట్టిన డ్రమ్ముల్లోని నీళ్ళు కూడా మల్లెలకి పోసేశాను. మోటారు ఉందిగా, మళ్ళీ నింపుకోవచ్చు అని నా ధీమా. మేస్త్రీ మనుషులూ వచ్చేసరికి డ్రమ్ములు ఖాళీ, మొక్కలు తడిసి ముద్ద, మోటారు తిరుగుతూనే ఉంది.

పని మొదలైంది. కాంక్రీటు కలిపే మిల్లరు గిరగిర తిరుగుతోంది, కంకర, ఇసుక, సిమెంటు, నీళ్ళు పడుతున్నాయి, తట్టలు చేతులు మారుతూ మెట్ల మీదుగా పైకి పోతున్నాయి. తూర్పు గదీ, నడవా అయిపోయాయి. నేను కింద నిలబడి చెయ్యి ఊపుతూ, సైన్యాన్ని నడిపిస్తున్నదానిలా తెగ మురిసిపోయాను. సరిగ్గా అప్పుడే బోరు దగ్గర "గుర్ర్" అని ఒక శబ్దం, తర్వాత కాలిన రబ్బరు వాసన, ఆ తర్వాత ఏమీ లేదు. గొట్టంలోంచి నాలుగు చుక్కలు రాలి ఆగిపోయాయి.

మేస్త్రి పైనుంచి తొంగిచూశాడు. "ఏటయింది?"

"మోటారు కాలినట్టుందండీ."

"పోనీ, డ్రమ్ములు ఉన్నాయి గదా. రాత్రి నింపించాను."

ఆయన డ్రమ్ముల వైపు చూశాడు. తర్వాత, చెరువుల్లా నిండి తళతళలాడుతున్న మొక్కల పాదుల వైపు చూశాడు. పెద్దమనిషి, తిట్టలేదు. తిట్టి ఉంటేనే బాగుండేది.

"టీచరమ్మా, స్లాబు సగంలో ఆగిపోకూడదు. ఈ పూట ఏసిందీ రేపు ఏసిందీ కలవవు. అతుకు పడిపోతాది. ఆ అతుకులోంచి జన్మంతా వాన కారతానే ఉంటాది."

ఆ మాటతో మంచం, గిన్నె, గిన్నె పక్కన తపేలా అన్నీ కళ్ళముందు కనిపించాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు కదా. నేను అడుసు తొక్కడం బాగానే తొక్కాను, కాలు కడుక్కోవడానికే చుక్క నీరు లేదు.

"నూతిలో నీళ్ళున్నాయి కదండీ!"

"ఉన్నాయి. చేదతో తోడితే మిల్లరు గొంతుక్కూడా తడవదు. ఎవులైనా ఆయిలింజను ఇస్తే ఇట్టే లాగేద్దుము. బేగి సూడు, ఎండ ఎక్కతన్నాది. పైన ఏసింది గట్టిపడకముందే రావాల."

ఇద్దరు ఆడకూలీలు చేదతో తోడడం మొదలుపెట్టారు. గరివిడిలో ట్యాంకరతనికి ఫోను చేస్తే ఎక్కడో పెళ్ళికి నీళ్ళు పోస్తున్నాడట, సాయంత్రం వస్తానన్నాడు. సాయంత్రానికి ఇంకేముంటుంది! నేను కొంగు బిగించి పల్లెలోకి పరుగెత్తాను. మొదటి ఇంట్లో ఇంజను వాకిట్లోనే ఉంది, ముగ్గు పక్కన, దానికీ పసుపూ బొట్టూ పెట్టి ఉన్నాయి.

"అమ్మా, ఒక్క రెండు గంటలు..."

"ఓలమ్మో! ఈయాల లచ్చివారం గదా తల్లీ. రేపు రా, మా ఆయన్ని కూడా ఇచ్చి పంపుతాను."

రెండో ఇంటావిడ నన్ను దూరం నుంచే చూసి తలుపేసుకుంది. మూడో ఇంటావిడ బాగా మర్యాదస్తురాలు, కూర్చోబెట్టి ప్రసాదం పెట్టింది. అదొక్కటే ఇవ్వగలనంది, అదీ అక్కడే తినేసి చెయ్యి కడుక్కుని వెళ్ళాలంది. చక్రపొంగలి గొంతులో అడ్డం పడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు మిల్లరులో పోస్తే ఒక తట్టకి వచ్చేవేమో.

ఏడుపుమొహంతో వెనక్కి వస్తుంటే మా పక్కింటి సూరిబాబు మావ కనిపించాడు. వాళ్ళ పెరట్లో, పశువులశాల దగ్గర, దూడకి గడ్డి వేస్తున్నాడు. శాలలో ఒక మూల చిన్న ఆయిలింజను, ఇద్దరు మోస్తే కదిలేది. లోపల ఇంట్లోంచి ఆయన భార్య నారాయణమ్మ లక్ష్మివారం నోము కథ పైకి చదువుతున్న గొంతు వినిపిస్తోంది.

"మావా, స్లాబు సగంలో ఆగిపోయింది. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఇంజను ఇవ్వు."

సూరిబాబు మావ ఇంటి వైపోసారి, మా ఇంటి వైపోసారి చూశాడు. "ఇత్తే నా పెళ్ళాం నన్ను బతకనివ్వదు. పోయినేడు లచ్చివారం నాడు నాను ఎవులికో మజ్జిగ పోసేనని ఇప్పటికీ ఎత్తి పొడుస్తాది. ఇవ్వనమ్మా." అంతలో గొంతు తగ్గించి అన్నాడు. "నాను ఇవ్వను. మరి ఎవులైనా ఎత్తుకుపోతే నానేటి సెయ్యగలను? సాలకి తలుపు నేదు. మా ఆడది కథ మజ్జిలో లేవకూడదు. నాను అటు తిరిగి బీడీ కాల్సుకుంటాను. ఎనక్కి సూసే అలవాటు నాకు నేదు."

అని నిజంగానే అటు తిరిగాడు.

ఏం చెప్పమంటారు! నా పై ప్రాణాలు పైనే పోయాయి. దొంగతనం! నేను! కానీ పైన సిమెంటు గట్టిపడుతోంది. పరుగున వెళ్ళి ఇద్దరు కూలీలని తెచ్చాను. ముగ్గురం పిల్లుల్లా శాలలో దూరాం. లోపల నారాయణమ్మ కథ సాగుతోంది. ఆ కథ మా అత్త నోట ప్రతి ఏడూ వింటున్నదే కాబట్టి ఎంతవరకు వచ్చిందో నాకు తెలుసు. సగం దాటేసింది. వాళ్ళిద్దరూ ఇంజను ఎత్తారు. ఆవు "అంబా" అంది. కథ ఆగింది. మేమూ ఆగాం. ఎత్తిన ఇంజను ఎత్తినట్టే, వంగినవాళ్ళు వంగినట్టే. నా గుండె చప్పుడు ఆవిడకి వినిపిస్తుందేమోనని రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాను. మళ్ళీ కథ సాగింది.

పెరడు దాటబోతుండగా సూరిబాబు మావ, తల తిప్పకుండానే, దూడతో మాట్లాడడం మొదలుపెట్టాడు. "ఒరే దూడా, గూట్లో హ్యాండిలున్నాది రా. అది నేకపోతే ఇంజను లెగదు. గొట్టం సూరులో ఉన్నాది. నాను నీతోనే అంటన్నాను, ఇంకెవులితోనూ అన్నేదు."

నేను వెనక్కి పరుగెత్తి హ్యాండిలూ గొట్టమూ తెచ్చాను. నూతి దగ్గర ఇంజను దింపారు, గొట్టం దించారు, మేస్త్రి వచ్చి హ్యాండిలు తిప్పాడు. "డబ్... డబ్... డబడబడబడబ!" అని అది లేచింది. అప్పుడు తెలిసింది నాకు నా తెలివి. దొంగిలించడానికి ఆ పల్లెలో కుండలున్నాయి, కోళ్ళున్నాయి, గుమ్మడికాయలున్నాయి. అన్నిటిలోకీ ఊరంతా వినపడేలా అరిచేదాన్ని ఎంచుకుని ఎత్తుకొచ్చాను. దొంగకి తేలు కుడితే కిక్కురుమనకుండా ఉంటాడట. నా దొంగసొత్తు మాత్రం యజమానిని పేరు పెట్టి పిలుస్తోంది.

నీళ్ళు పడ్డాయి. మిల్లరు తిరిగింది. తట్టలు మళ్ళీ పైకి కదిలాయి. పడమటి గది సగమయ్యేసరికి మా స్థలానికీ వాళ్ళ పెరటికీ మధ్య గట్టు మీద నారాయణమ్మ ప్రత్యక్షమైంది. తలలో పువ్వులు, నుదుట రూపాయంత బొట్టు, చేతిలో హారతి పళ్ళెం అలాగే ఉంది. నేను ఇసుకగుట్ట వెనక్కి వెళ్ళాను. నన్ను కాపాడడానికి ఎదురెళ్ళింది ఎవరనుకున్నారు? మా అత్త. ఇంట్లో నన్ను ఉతికి ఆరేసే మా అత్త.

ఇద్దరికీ పీకలదాకా కోపం. కానీ మార్గశిర లచ్చివారం. గొంతు పెంచకూడదు. కాబట్టి ఇద్దరూ చిరునవ్వులు చిందిస్తూ మెత్తగా మొదలుపెట్టారు.

"బాగున్నావేటి వదినా?"

"బాగున్నానమ్మా. రా, కూకో."

"కూకోను. ఆ సప్పుడు మా ఇంజనుదిలాగున్నాది."

"ఇంజన్లన్నీ ఒకలాగే అరుస్తాయి నారాయణమ్మా."

"మాది మజ్జిమజ్జిలో దగ్గుతాది వదినా. ఇదీ దగ్గుతన్నాది."

"సలికాలం గదమ్మా, అన్నీ దగ్గుతాయి."

నారాయణమ్మ నవ్వు చెదరకుండానే పళ్ళు కొరికింది. "మా ఇంటి లచ్చిని మీ కోడలు ఎత్తుకొచ్చీసింది. నాను తీసుకుపోతాను." అని ఇంజను దగ్గరికి నడిచింది. ఆవిడ చెయ్యి ఇంజను ఆపే కడ్డీ మీద పడితే నా ఇల్లు జన్మంతా కారుతుంది.

మా అత్త గబగబా షెడ్డులోకెళ్ళి పసుపూ కుంకుమా తెచ్చి, ఊగిపోతున్న ఇంజనుకి బొట్టు పెట్టేసింది. సగం బొట్టు ఇంజనుకి, సగం ఆవిడ మోచేతికి అంటింది. "సూడమ్మా, లచ్చివారం పూట మా గుమ్మంలోకి వచ్చిన లచ్చి. బొట్టెట్టిన లచ్చిని ఎలాగ పంపీమంటావు? నువ్వైతే పంపుతావేటి?"

నారాయణమ్మ ఆగిపోయింది. నియమం ఆవిడదీ అదే కదా. చెయ్యి కడ్డీకి జానెడు దూరంలో నిలిచింది. పైన మేస్త్రి తట్ట పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కూలీలంతా కిందికి చూస్తున్నారు. నేను ఇసుకగుట్ట వెనక నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను, సైన్సు టీచర్నని చూడకుండా.

నారాయణమ్మ తలెత్తి సగం వేసిన స్లాబు వైపు చూసింది. "ఆగిపోతే కారతాదేటి?" అని మేస్త్రిని అడిగింది.

"కారతాదమ్మా."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. "గూడు సగంలో ఆపిన పాపం నాకొద్దు. కానీండి, ఏసుకోండి." తర్వాత మా అత్త వైపు తిరిగి, అదే చిరునవ్వుతో అంది. "లచ్చివారం నాడు పోయిన లచ్చి లచ్చివారం నాడే రావాల వదినా. మీరిత్తే మీ లచ్చి పోతాది. అందుకు నాను అడగను. మీరెలాగ తెచ్చుకున్నారో, వచ్చీ వారం నానూ అలాగే తీసుకుపోతాను."

"అలాగేనమ్మా. అదే న్యాయం."

అలా ఇద్దరు పెద్దలు నవ్వుతూ ఒక దొంగతనానికి ముహూర్తం పెట్టుకున్నారు. పొద్దు వాలేసరికి స్లాబు చివరి మూల దాకా ఒక్క అతుకు లేకుండా పడింది. కూలీలకి అత్త పప్పూ గుమ్మడికాయ పులుసూ వడ్డించింది, అదీ బయటికి ఇవ్వకూడదని అందర్నీ కొత్త స్లాబు కింద, సెంట్రింగు కర్రల మధ్య దూర్చి కూర్చోబెట్టి. "స్లాబు రోజు మాంసం పెట్టని ఇల్లు ఇదే సూసేను" అన్నాడు మేస్త్రి. నాకు మాత్రం ఆ పులుసు అమృతంలా దిగింది. ఇక గండం గట్టెక్కిందనే అనుకున్నాను, పిచ్చిదాన్ని.

ఆ మరుసటి లచ్చివారం పొద్దున్నే మా అత్త నన్ను షెడ్డులో గోడవైపు తిప్పి కూర్చోబెట్టింది. తనూ పక్కనే కూర్చుంది. "తిరిగి సూడకు. సూసి ఊరుకుంటే సేత్తో ఇచ్చినట్టే లెక్క. లచ్చి పోతాది."

బయట అడుగుల చప్పుడు. ఒకరివి కావు. ఇంజను ఈడుస్తున్న శబ్దం, సూరిబాబు మావ మూలుగు. సరే, పోతోందనుకున్నాను. అంతలో "థక్... థక్..."

"అత్తా, పార చప్పుడు వినిపిస్తోంది."

"వినపడితే వినపడనీ. ఇటు తిరక్కు."

"ఇంజనుకి పారెందుకత్తా?"

"నోరు మూసుకో."

థక్, థక్. తర్వాత గంప నేలమీద పెట్టిన చప్పుడు. మళ్ళీ థక్. నా ప్రాణం గిలగిల్లాడిపోయింది. లేవబోతే మా అత్త నా జడ పట్టుకుంది. "కదిలేవంటే సంపేస్తాను" అంది, లచ్చివారం కదా, ఎంతో మెత్తగా. ఆ థక్‌థక్‌లు ఎంతసేపు సాగాయో నాకు తెలియదు. ఆగాక బయటికి పరుగెత్తాను.

ఇంజను లేదు. మామిడి అంట్లు లేవు. సపోటాలు లేవు, జామలు లేవు, మల్లెలు లేవు, నందివర్ధనాలు లేవు. వాటి చోట గుండ్రటి గుంటలు, ఎంతో శ్రద్ధగా, వేరు తెగకుండా తవ్వినవి. గట్టు అవతల నారాయణమ్మ ఆఖరి గంప దించుకుంటోంది.

"నారాయణమ్మత్తా! మీది పోయింది ఇంజనొక్కటే కదా! నా మొక్కలేం చేశాయి?"

ఆవిడ నా వైపు జాలిగా చూసింది. "ఇంజనొక్కటే తెచ్చుకుంటే దొంగతనవేటి టీచరమ్మా? అరువిచ్చింది తిరిగి తెచ్చుకున్నట్టుంటాది. అప్పుడు మేవు ఇచ్చినట్టే గదా, మా లచ్చి పోయినట్టే గదా! దొంగతనం దొంగతనంలాగుండాల."

నేను నోరు తెరిచాను. మా అత్త వెనకనుంచి నా నోరు మూసింది. "ఊరుకో. ఎవులి ఇంటికెల్లైనా ఈయాల ఏటీ అడక్కూడదు." తర్వాత ఏ రోజు అడిగినా, నాటిన మొక్క పీకితే పాపమంది నారాయణమ్మ. అదీ నిజమే.

ఇల్లు పూర్తయి మూడు వానాకాలాలు దాటాయి. స్లాబు ఒక్క చుక్క కారలేదు. సాయంత్రాలు దాని మీదికెక్కి కుర్చీ వేసుకుంటే నా తోట ఎంత బాగా కనిపిస్తుందో! మల్లెలు విరబూశాయి, జామలు కాస్తున్నాయి, మామిడికి ఈ ఏడు పూత పట్టింది. అన్నీ నారాయణమ్మ పెరట్లో.

అందుచేత ఈ స్లాబు మీద నిలబడి, నాలుగు దిక్కులూ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మార్గశిర లచ్చివారం నాడు ఇక జన్మలో ఇల్లు కట్టను, డ్రమ్ములు ఒలకబొయ్యను, దొంగతనానికి పోను. ఒకవేళ ఖర్మకాలి పోయినా, యజమాని వచ్చి సొత్తు పట్టుకుపోయే రోజున, మా అత్త కాదు కదా సాక్షాత్తూ లక్ష్మీదేవి వచ్చి జడ పట్టుకున్నా సరే, గోడవైపు తిరిగి మాత్రం కూర్చోను.